జయరావు సంతకం

"పులికాట్ రొయ్యలు వచ్చినాయా?"

"ఐసు కరిగినాక వచ్చినాయి."

కోడ్ సరిపోయింది. ఖర్జూరాల వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ జియావుల్లా తిరుపతి స్టీలుసామాన్ల దుకాణం వెనకగదిలోకి వెళ్ళాడు. చీఫ్ పంకజాక్షి స్క్రీన్ ముందు కూర్చుని ఉంది.

తీరంలోని రాడార్లు లినక్స్ మీద నడుస్తాయి. బయటి సాఫ్ట్‌వేర్ వాటికి నేరుగా చేరకూడదని ఏజెంట్ జయరావు ఈ గదిలోనే సొంత రిపాజిటరీ కట్టాడు. అదొక గోడౌన్ లాంటిది. తాము నమ్మిన డిజిటల్ సంతకమున్న సాఫ్ట్‌వేర్ ప్యాకేజీనే లోపలికి రానిస్తుంది, అక్కడినుంచే రాడార్లకు పంపుతుంది.

"పొద్దున ఒక ప్యాకేజీ వచ్చింది. సాయంత్రం ఆరుకు రాడార్లు దాన్ని తీసుకుంటాయి, గుడ్డివైపోతాయి. విదేశీ ముఠా ఆయుధాల పడవ సముద్రంలో కాచుకోనుండాది."

"డిలీట్ చేయండి, మేడమ్."

"చేసినా. ఇంకో పేరుతో వచ్చింది. సంతకాన్నే రద్దు చేయాల. అది జయరావుది."

జయరావు పోయి ఏడాది. పులికాట్‌లో దొరికిన, ముఖం గుర్తుపట్టలేని శవాన్ని మూసిన పెట్టెలోనే పూడ్చారు. అతను సంతకానికి వాడే యూఎస్‌బీ కీని పెట్టెలో ఉంచమని భార్య జెస్సీకి ఇచ్చారు. సంతకం రద్దు చేయడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు. వ్యాపారంలో ఇలాంటి మొహమాటం దివాలా తీయిస్తుంది.

"ఒకవేళ బతికుండి, వాళ్ళే చేయిస్తా ఉంటే?" అంది పంకజాక్షి. "రద్దు చేసినామంటే వాళ్ళకు ఆయనతో పనుండదు. చంపేస్తారు. కీ ఏమైందో పోయి జెస్సీని అడుగు."

జెస్సీ శ్రీ సిటీలో విదేశీ కంపెనీలకు మాటలు తర్జుమా చేసే దుబాసీ, ఇటు వీళ్ళకూ అటు ముఠాకూ సమాచారం మోసే డబుల్ ఏజెంట్. అలిపిరి పార్కింగ్‌లో ఎర్రకారులో, నల్లకళ్ళద్దాలతో కూర్చుని ఉంది. జియావుల్లా పక్క సీట్లో కూర్చుని, రిపాజిటరీకి కలిపిన లాప్‌టాప్ తెరిచాడు.

"కీ పెట్టెలో పెట్టినావా?"

"లేదు భాయ్. వాళ్ళకిచ్చినా. ఆయన బతికుండాడు, ఇస్తే పంపిస్తామన్నారు. ఫోన్లో గొంతు కూడా వినిపించినారు."

"ఏమన్నాడు?"

"డార్లింగ్ అన్నాడు."

"జయరావు ఎప్పుడన్నా అట్లా పిలిచినాడా?"

"లేదు. 'ఏమే' అనేవాడు."

"పెట్టె మూసింది నేనే, జెస్సీ. ఎడమచేతి మీద సోల్డరింగ్‌తో కాలిన మచ్చ కళ్ళారా చూసినా."

"ఆ పొద్దూ చెప్పినావు."

"మళ్ళీ చెప్తా ఉండా."

ఇవ్వాల్సింది ఇచ్చేసింది. రావాల్సిన మనిషి ఈ లోకంలోనే లేడు. జెస్సీ కళ్ళద్దాలు తీసి లాప్‌టాప్ తన ఒళ్ళోకి లాక్కుంది.

"ఇటియ్యి. నేనే కొడతా."

ఆరు కావడానికి నిమిషముంది. జయరావు సంతకం రద్దు చేయాలా అని స్క్రీన్ అడిగింది. ఆమె అవునని 'వై' నొక్కింది. విషపు ప్యాకేజీ గోడౌన్ నుంచి తొలగిపోయింది. దాంతోపాటే జయరావు సంతకం చేసిన ప్రతి ప్యాకేజీ చెల్లకుండా పోయింది. పులికాట్ మీద రాడార్లు కళ్ళు తెరిచే ఉన్నాయి.

జయరావు లేడని కంప్యూటర్‌కు ఒక్కసారి చెబితే సరిపోయింది.