చెరిపేసిన గీత

కారు డోర్ తీస్తుండగానే కొరియర్ మెడలో బుల్లెట్ దిగింది. మౌని అతన్ని ఒడిసిపట్టి కారు చాటుకు లాగేలోపు రెండోది అద్దాన్ని పగలగొట్టింది.

"మీ బావని ఎత్తుకుపోయారు," అన్నాడు కొరియర్. మాటకన్నా ముందు నెత్తురొచ్చింది. "ఆయన తీసిన ఆకాశం ఫోటోల్లో వాళ్ళ డ్రోన్ పడింది. కార్డ్ ముందే నాకిచ్చాడు." గుప్పిట్లోని మెమరీ కార్డ్ మౌని చేతిలో పెట్టి ప్రాణం వదిలాడు.

మౌని అన్నది గూఢచారి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. నోరు మూయడు కాబట్టి పెట్టారు. కార్డ్ గుప్పిట పట్టుకుని అతను నేరుగా చీఫ్ దగ్గరికి పోయాడు. బావంటే ఉత్తి అక్క మొగుడు కాదు, నాన్న పోయాక తనని చదివించిన మనిషి.

"విదేశీ ముఠా," చీఫ్ ముక్తసరిగా చెప్పాడు. "డ్రోన్‌తో ఆయుధాలు దింపుతున్నారు. ఎక్కడో తెలీదు. సాయంత్రానికి మకాం మార్చేస్తారు. సాక్షిని వెంట తీసుకెళ్ళరు."

"చంపేస్తారని సూటిగా అనండి సార్."

"చంపేస్తారు. ల్యాబ్‌కి పరిగెత్తు."

ల్యాబ్‌లో ఇమేజ్ ఎక్స్‌పర్ట్ ఉంది. కోడ్‌నేమ్ వెన్నెల. ఆవిడ నడిచొస్తుంటే ఆఫీసులో సగంమంది ఫైళ్ళు తలకిందులుగా పట్టుకునేవాళ్ళు. కార్డ్‌లోని ఫోటోలన్నీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, కలిపి, స్క్రీన్ అతని వైపు తిప్పింది.

"చూశారుగా? డ్రోనూ లేదు, పాడూ లేదు. మీ కొరియర్ పొరబడ్డాడు."

ఆకాశం మచ్చ లేకుండా మెరిసిపోతోంది. మౌనికి అదే నచ్చలేదు. అన్నం ముందు కూర్చుంటే చాలు, బావ ఇదే పురాణం విప్పేవాడు. ఒక్క ఫోటోలో చుక్కలు మసగ్గా వస్తాయి. అందుకని వరసగా బోలెడు తీసి, చుక్క మీద చుక్క పడేలా జరిపి, ఒకటిగా కలుపుతారు. అన్నిట్లో ఉన్నది నిలుస్తుంది. ఒకదాంట్లో కనిపించి పక్కదాంట్లో లేనిది చెత్త కింద లెక్క, సాఫ్ట్‌వేరే తుడిచేస్తుంది. ఆ పద్ధతి పేరు మీడియన్.

"మీడియన్‌లో కలిపారా మేడమ్?"

"అందరూ చేసేదే."

"ఎగిరేదాన్ని వెతకమంటే, ఎగిరేవన్నీ తుడిచేస్తారా? మాగ్జిమమ్‌లో పెట్టండి, ఒక్క ఫోటోలో మెరిసిన వెలుగైనా నిలుస్తుంది. చుక్కల్ని జరపకండి."

ఆవిడ చెయ్యి మౌస్ వదిలి సొరుగులోకి పోయింది.

పిస్టల్ పేలింది. మౌని భుజం కండ లేచిపోయింది. అతను కీబోర్డ్ ఎత్తి ఆమె దవడ మీద బాదాడు. రెండో గుండు సీలింగ్‌లోకి పోయింది. ఆమె కత్తెర అందుకుని అతని తొడలో దించింది. మణికట్టు పట్టుకుని బల్ల అంచుకేసి విరిచాడు మౌని. ఎముక పుటుక్కుమంది.

"పొద్దు వాలుతోంది," ఆమె నెత్తురు ఉమ్మి నవ్వింది. "మీ అక్కకి ఏం చెప్తావో ఆలోచించుకో."

ఆమెని బల్ల కాలికి బేడీలేసి, నెత్తుటి చేతుల్తో మౌస్ పట్టుకున్నాడు. ఈసారి చుక్కల్ని జరపలేదు కాబట్టి కింది భవనాలు చెదరలేదు. ఒక్కో ఫోటోలోని వెలుగుముక్క పక్కదానికి అతుక్కుని తెల్లటి గీతైంది. అది ఆకాశాన్ని కోసుకుంటూ వచ్చి, ఊరి చివర మూతపడ్డ పిండిమిల్లు పొగగొట్టం వెనక దిగింది. స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసి, చీఫ్‌కి పంపి, కుంటుతూ పరిగెత్తాడు.

మిల్లు గేటు దగ్గర కాపలావాడి పీక తెగింది. లోపల లారీకి పెట్టెలెక్కిస్తున్న ఇద్దరు అక్కడే కూలారు. అంతటితో మౌని తూటాలు అయిపోయాయి. కుర్చీకి కట్టేసిన బావ కణతకి ముఠా నాయకుడు తుపాకీ ఆనించాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది. మౌని చేతిగడియారం మీట నొక్కాడు. అందులోని విషపు సూది నాయకుడి గొంతులో దిగబడింది. తుపాకీ గోడని పేల్చింది.

మౌని కట్లు విప్పి ఫోన్ చేతికిచ్చాడు. బావ వాచిన కళ్ళతో ఫోన్‌లోని ఫోటోని చాలాసేపు చూశాడు.

"ఎవడు కలిపాడ్రా దీన్ని? చుక్కలన్నిటికీ తోకలొచ్చాయి. సరిగ్గా జరిపి పెట్టడం కూడా రాదా?"

"వచ్చు బావా. సరిగ్గా చేసుంటే నిన్ను మోసుకెళ్ళాల్సొచ్చేది. లే, నడువు."