గోళ్లరంగు వాసన

"పలాస పాసింజరు వచ్చిందా?"

"వచ్చింది గానీ ఇంజను రాలేదు."

కోడ్ సరిపోయింది. చీపురుపల్లి స్టేషన్ వెనక, గూడ్స్ షెడ్డు పక్కన ఆగి ఉన్న పాత వ్యాను తలుపు పక్కకు జరిగింది. ఏజెంట్ పృథ్వీరాజ్ చటుక్కున లోపలికి దూరాడు.

లోపల చీఫ్ జగన్నాధం ఉప్మా తింటున్నాడు. చూసినవాళ్లు విత్తనాల వ్యాపారి అనుకుంటారు. నిజానికి ఇంటెలిజెన్స్ ప్రత్యేక విభాగంలో తూర్పుతీరం మొత్తం ఆయన చేతి కిందే ఉంది.

ఒక ఫోటో ముందుకు తోశాడు.

"భాస్కర్. గరివిడి దాటాక ఉన్న శ్రీవంశ ల్యాబ్స్‌లో కెమిస్టు. మొన్న రైలు పట్టాల మీద దొరికినాడు. ఆత్మహత్య అని రాసీసినారు. కాదు."

"ఎవరు?"

"ఆర్కిడ్. ఆడికి వాళ్ల గుట్టు తెలిసిపోయినాది."

పృథ్వీరాజ్ వెన్ను నిటారైంది. ఆర్కిడ్ విదేశీ మందుల ముఠా. దాని ఏజెంటు డోరియన్ ఎగుమతి కొనుగోలుదారు వేషంలో కొన్నాళ్లుగా విజయనగరం హోటల్లో మకాం వేశాడని డిపార్ట్‌మెంటుకు తెలుసు. సాక్ష్యమే లేదు.

"క్షయ మందుకి కావలసిన ముడిసరుకు శ్రీవంశలో తయారవుతాది. ఆ ఫ్యాక్టరీ తగలడిపోతే ఆ మందుకి వాళ్లు చెప్పిందే ధర."

"బాంబా సార్?"

"బాంబు పేలితే ఎంక్వయిరీ వస్తాది. ప్రమాదం జరిగితే ఎక్స్‌గ్రేషియా వస్తాది, అంతే. అసిటోన్‌తో అంటిస్తారు." జగన్నాధం ప్లేటు పక్కన పెట్టాడు. "సూడ్డానికి మంచినీళ్లే. మంచుగడ్డ కన్నా సల్లగా ఉన్నా ఆవిరి లేస్తూనే ఉంటాది, ఆ ఆవిరి అంటుకుంటాది. గాలి కన్నా బరువురా అది. పైకి పోదు. నేలబారుగా పాకుతాది, పల్లం ఎటుంటే అటు. ఎక్కడో దూరంగా చిన్న నిప్పు తగిలిందనుకో, మంట అదే దారిలో వెనక్కొచ్చి ట్యాంకుని పట్టుకుంటాది. నిప్పు పెట్టినోడు అక్కడ ఉండక్కర్లేదు."

తర్వాత ఒక చేతిగడియారం అందించాడు. "ఆవిరి తగిలితే వణుకుతాది. సేఫ్టీ ఆడిటర్ వర్మగా లోపలికెళ్లు. నీ పని సూడ్డమే. నేను సెప్పీదాకా ఎవల్నీ ముట్టుకోకు."

"లోపల మనవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఉంటే నీకెందుకు?"

పృథ్వీరాజ్ తల ఊపాడు. ఊపాడే గాని, ఆ మాట అతనికి నచ్చలేదు. హైదరాబాదులో అతని పేరు చెబితే కొత్తగా చేరినవాళ్లు లేచి నిలబడతారు. చూసి ఊరుకోవడానికి తనెందుకు? రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి, జాగ్రత్త ఎక్కువైంది అనుకున్నాడు.

*

ఆడిటర్ వర్మకు దట్టమైన మీసం. స్పిరిట్ గమ్ అనే మేకప్ జిగురుతో అంటించింది, గాలివానకు కూడా ఊడదు.

శ్రీవంశలో అతని కన్ను ఇద్దరి మీద పడింది. ఒకడు సెక్యూరిటీ ఆఫీసర్ రమేష్‌బాబు. అడగకముందే తాళాలు తీసేంత మర్యాదస్తుడు. రెండోది ఎక్స్‌పోర్ట్ మేనేజర్ లీలారాణి. నల్లద్దాలు, పట్టుచీర, పదివేళ్లకీ ఎర్రగా మెరిసే గోళ్లరంగు. వారంలో సగం రోజులు డోరియన్‌తోనే డిన్నరు. భాస్కర్ చనిపోయే ముందు ఆఖరుసారి మాట్లాడింది ఆమెతోనే.

"వర్మగారూ, మీరు ఆడిట్ చేస్తున్నది ట్యాంకుల్నా, నన్నా?" అని ఆమె నవ్వుతూ అడిగిన క్షణమే పృథ్వీరాజ్ మనసులో కేసు సగం తేలిపోయింది.

మిగతా సగం ఆదివారం తేలింది.

లీలారాణి తల్లి దానమ్మ చీపురుపల్లిలో ఉంటుంది. మిషన్ హాస్టల్లో మేట్రన్‌గా చేసి రిటైరైంది. ఆమె వెళ్లే బాప్టిస్టు చర్చిలో ఆ రోజు ఆరాధన తర్వాత ప్రేమవిందు. షామియానా కింద విస్తళ్లు వేశారు. పృథ్వీరాజ్ జనంలో కలిసి లీలారాణి వెనగ్గా నడిచాడు.

గడియారం వణికింది.

అతను ఆగాడు. మరో అడుగు దగ్గరకు వేశాడు. ఇంకా గట్టిగా వణికింది. తియ్యగా, ఘాటుగా, ముక్కు పుటాలు చల్లబరిచే వాసన. అసిటోన్! నిన్నటిదాకా ఎర్రగా మెరిసిన గోళ్లు ఇవాళ బోసిగా ఉన్నాయి. ట్యాంకు దగ్గర చెయ్యి పెట్టింది, రంగు కరిగిపోయింది! అతని గుండె విజయగర్వంతో కొట్టుకుంది. చీఫ్‌కి ఒక్క ఫోన్ చేస్తే చాలు. చెయ్యలేదు.

"పోలీస్! కదలకండి!"

కార్డు పైకెత్తి చూపించాడు. వడ్డిస్తున్న చేతులు ఆగిపోయాయి. లీలారాణి ముఖం పాలిపోయింది. నెమ్మదిగా, పెదవులు కదలకుండా అంది. "వద్దు. ఇక్కడొద్దు."

దాన్ని కూడా అతను భయమనే అనుకున్నాడు. ఆమె హ్యాండ్‌బ్యాగు లాక్కుని బల్ల మీద గుమ్మరించాడు. బైబిలు, దువ్వెన, అమ్మ కోసం కొన్న బీపీ మాత్రలు, ఆడవాళ్లు నలుగురిలో బయటపెట్టుకోని వస్తువులు, వాటి మధ్య ఒక చిన్న సీసా. మూత వదులై అతని చేతి మీద ఒలికింది. మంచు తగిలినట్టు చల్లగా జివ్వుమంది.

సీసా మీద అక్షరాలు చదివాడు. నెయిల్ పాలిష్ రిమూవర్.

చెమట పట్టింది. అదే చేత్తో పై పెదవి తుడుచుకున్నాడు. అసిటోన్ తన పని తాను చేసింది. గమ్ కరిగి మీసం సగం ఊడి పెదవి మీద వేలాడింది. వరుసలో కూర్చున్న పిల్లలు పకాలున నవ్వారు.

నవ్వనిది దానమ్మ ఒక్కతే. ఆవిడ వచ్చి కూతురి వస్తువుల మీద తన చెంగు కప్పింది.

"ఏటి బాబూ, మా పిల్ల ఏటి సేసినాదని ఇలగ నలుగురిలో కుమ్మరించినావు? అడిగితే నేనే సూపించీదాన్ని కాదేటి?"

షామియానా చివర విస్తరి ముందునుంచి ఒక పెద్దమనిషి ఎంగిలిచేత్తోనే లేచి వస్తున్నాడు. జగన్నాధం.

"ఒరే పృథ్వీ," చెవిలో అన్నాడాయన. కోపం లేదు, అదే భయంకరంగా ఉంది. "ఆ పిల్ల మన మనిషి."

*

కారు గరివిడి రోడ్డు మీద దూసుకుపోతోంది. పృథ్వీరాజ్ నడుపుతున్నాడు. పక్కన లీలారాణి. చీఫ్ ఫైరింజన్లనూ పోలీసులనూ పురమాయించి వెనక జీపులో వస్తున్నాడు.

ఆమె డబుల్ ఏజెంట్. ఆర్కిడ్ జీతం తీసుకుంటూ రెండేళ్లుగా వాళ్ల కబుర్లు జగన్నాధానికి చేరవేస్తోంది. ఫోన్లు నమ్మరు కాబట్టి గోళ్లే సంకేతం. ఎరుపు ఉంటే ఏమీ లేదని. బోసిగా ఉంటే ముహూర్తం కుదిరిందని. ఆ సంకేతం అందుకోవడానికే చీఫ్ ఆ విందుకొచ్చాడు.

"రేపు మధ్యాహ్నానికి పెట్టుకున్నారు," అంది లీలారాణి రోడ్డు చూస్తూనే. "వాల్వు తెరిచేది రమేష్‌బాబు. అసిటోన్ వాననీటి కాలవలోకి వదులుతాడు. నిప్పు ఎక్కడ అంటుకుంటుందో డోరియన్ ఈ సాయంత్రం నాకు చెప్పాలి. అప్పుడు చుట్టుముట్టి పట్టుకునేవాళ్లం."

"ఇంకా టైముంది..."

"లేదు. నన్ను చర్చికి తీసుకొచ్చిన కంపెనీ డ్రైవరు ధనరాజ్ వాళ్ల మనిషే. మీ మీసం ఊడటం చూశాడు, ఫోను తీశాడు. ఇంక రేపటిదాకా ఎందుకు ఆగుతారు?"

అతనికి చెవులు మండాయి. స్టీరింగ్ మీద చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. సారీ అనబోయాడు. ఏ పాటి మాట అది?

ఫ్యాక్టరీ ఇంకా దూరంగా ఉండగానే బ్రేకు వేశాడు. "ఇంజను నిప్పురవ్వ చాలు. ఇక్కడినుంచి నడకే. ఫోన్ కారులో వదిలెయ్యండి."

గేటు బార్లా తెరిచి ఉంది. రమేష్‌బాబు లేడు. ట్యాంకుల వైపు పరిగెత్తారు. కాలవ దగ్గరకు రాగానే గడియారం చేతిని కుదిపేసింది. పొగ లేదు, రంగు లేదు. ఎండలో కాలవ మీది గాలి మాత్రం సన్నగా వణుకుతోంది. కాలవ వాలు గోడ కింది తూము గుండా బయటికి, రోడ్డు వైపుకి.

"గోడవతల ఏముంది?"

లీలారాణి గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "ఈశ్వరి బడ్డీ! ఆ బజ్జీల బడ్డీని అన్నేళ్లూ తరిమినవాడు, కిందటి నెల రమేష్‌బాబే పిలిచి అక్కడ పెట్టుకోమన్నాడు. నేను మంచితనం అనుకున్నాను."

ఫ్యాక్టరీ కాలిపోయాక వేలెత్తి చూపడానికి ఒక పొయ్యి కావాలి. పొయ్యి వెలిగించిన ఆడది కావాలి. ఇంక ఎవరూ ఆర్కిడ్ పేరెత్తరు.

పృథ్వీరాజ్ గోడ దూకాడు. తూముకు కాస్త ఎడంగా, తాటాకుల నీడలో ఈశ్వరి పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉంది. పుల్లలు పేర్చింది. అగ్గిపెట్టె తెరుస్తోంది.

"అమ్మా! దయచేసి వెలిగించకండి! పేలుడు ప్రమాదం ఉంది!"

ఈశ్వరి తలెత్తింది. చొక్కా చెమటతో తడిసి, సగం మీసం వేలాడుతున్న మనిషి చేతులూపుతూ వస్తున్నాడు.

"పట్టపగలే తాగొచ్చినాడు. ఎల్లెల్లు, బజ్జీలింకా వెయ్యలేదు," అని పుల్ల తీసి పెట్టెకు ఆనించింది.

"ఒసే ఈస్సరీ! పుల్ల గీసినావంటే సస్తావే! ఇసిరీసి పారిపోయే!"

గోడ మీదనుంచి లీలారాణి కేక. పట్టుచీర చిరిగి ముళ్లతీగకు చిక్కుకుంది. ఆ గొంతు తెలిసిన గొంతు. ఈశ్వరి చెయ్యి ఆగిపోయింది. మరుక్షణం అగ్గిపెట్టె రొంటిన దోపుకుని, ఏమిటని అడక్కుండా రోడ్డు దాటి పరిగెత్తింది.

పృథ్వీరాజ్ మళ్లీ గోడెక్కి ట్యాంకు దగ్గరకు వెళ్లాడు. అడుగు వాల్వు సగం తెరిచి ఉంది. పారుతున్న అసిటోన్‌లో చేతులు పెట్టి చక్రం తిప్పాడు. వేళ్లు మొద్దుబారాయి, తల తిరిగింది, కళ్లు మండాయి. ఊపిరి బిగబట్టి తిప్పుతూనే ఉన్నాడు. ధార సన్నబడి ఆగింది. ఫైరింజన్ వాళ్లు రాగానే "మామూలు ఫోమ్ దీనికి నిలవదు, ఆల్కహాల్‌ని తట్టుకునే ఫోమ్ వెయ్యండి, కాలవలోకి నీళ్లు తుంపర కొట్టండి" అని చెప్పి అక్కడే కూలబడ్డాడు.

*

రమేష్‌బాబు మోటారుసైకిల్ మీద పారిపోతూ, గూడ్సు కోసం వేసిన రైల్వేగేటు దగ్గర దొరికాడు. ధనరాజ్ వాళ్ల అత్తారింట్లో దొరికాడు. డోరియన్ మాత్రం దొరకలేదు. పోలీసులు వెళ్లేసరికి హోటల్ గదిలో టీవీ ఒక్కటే మాట్లాడుతోంది. భాస్కర్‌ని పట్టాల మీదకు తోయించిన చెయ్యి అతనిదే. రెండేళ్లపాటు వేసిన వల మధ్యలో పెద్ద కన్నం, ఆ కన్నం పేరు పృథ్వీరాజ్.

జగన్నాధం తిట్టలేదు. "రిపోర్టులో ఉన్నదున్నట్టు రాయి" అన్నాడు. పృథ్వీరాజ్ రాశాడు. ఒక్క వాక్యం కూడా తనవైపు వంచుకోలేదు.

ఆస్పత్రి వరండాలో లీలారాణి కనిపించినప్పుడు అతను లేచి నిలబడ్డాడు.

"మీ ఉద్యోగం..."

"ఆర్కిడ్‌కి నా అసలు సంగతి తెలిసిపోయింది. ఇంక ఫీల్డు లేదు. ఆఫీసులో కుర్చీ ఇస్తారట." ఆమె గొంతులో వెటకారం లేదు. "నన్ను అనుమానించారు, అది మన పనే. మీ స్థానంలో ఉంటే నేనూ అనుమానిస్తానేమో. కానీ మా అమ్మ ముందు ఆ బ్యాగు... నేను ఏం పని చేస్తానో ఆవిడకి ఎప్పటికీ చెప్పలేను. ఊళ్లో మాత్రం పోలీసులు పట్టుకున్న పిల్లనే."

ఆ రాత్రి అతనికి కన్ను మూతపడలేదు. చావుకు ఎదురెళ్లినప్పుడు ఎన్నడూ అంత భయం వెయ్యలేదు.

తర్వాతి ఆదివారం, వేషం లేకుండా, నున్నగా గీసుకున్న ముఖంతో పృథ్వీరాజ్ అదే చర్చికి వెళ్లాడు. ఆరాధన అయ్యాక పాస్టరుగారి అనుమతి అడిగి ముందు నిలబడ్డాడు.

"ఆ రోజు ఈ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదు. తప్పు నాది. ఆగమన్నా ఆగలేదు. గొప్ప కోసం తొందరపడ్డాను. దానమ్మగారూ, మీ అమ్మాయినీ మిమ్మల్నీ ఇంతమందిలో అవమానించాను. క్షమించమని అడిగే ముఖం కూడా లేదు. అయినా అడుగుతున్నాను."

లీలారాణి తల వంచుకుని కూర్చుంది. దానమ్మ అతని వైపు చూసింది.

"ఇంతమందిలో అన్నావు, ఇంతమందిలోనే ఒప్పుకున్నావు. కూకో నాయినా," అంది. "సమించీనానని ఇవాళే సెప్పలేను. ఇంకా మండతన్నాది. కూకో మరి."

అతను ఆఖరి బెంచీ మీద కూర్చున్నాడు. కళ్లు నేలమీదే ఉన్నాయి. పక్కనున్న ముసలాయన, సంఘపెద్ద గంగులు, దగ్గరకు జరిగి గుసగుసగా అడిగాడు.

"ఇంతకీ బాబూ, నీ ఉద్యోగం ఉన్నాదా, పోయినాదా?"

ఏడు భాషల్లో తడుముకోకుండా అబద్ధమాడగల ఏజెంటు పృథ్వీరాజ్‌కి ఆ పూట ఒక్క అబద్ధమూ తోచలేదు.

"తెలీదండి."

"అయితే మంచిదే," అన్నాడు గంగులు తృప్తిగా. "బెంచీలు బయటెయ్యాలి, ఆ సివర నువ్వు పట్టు."