తెరవని ఫైర్ స్టేషన్‌లో ఫోను

ఆమెను అందరూ ఫోనక్క అంటారు. వయసు నలభై మూడు. మున్సిపల్ ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరు. ఏ ఫోనైనా సరే, మూడోసారి మోగనివ్వదు.

ఊరి చివర కొత్త ఫైర్ స్టేషన్ ఉంది. చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్లరు. లోపల ఫోను మోగుతుందట... ఆగుతుందట... మళ్లీ మోగుతుందట. మంటల్లో పోయిన ఆడమనిషి దెయ్యమై పిలుస్తోందని చెప్పుకుంటారు. మగ దెయ్యమని మాత్రం ఒక్కరూ అనరు. మగవాళ్లు చచ్చాక కూడా పెద్దమనుషులే కాబోలు!

ఆ స్టేషన్‌కు రిబ్బను రెండుసార్లు కత్తిరించారు. గోడలకు ఎర్ర రంగు వేశారు. ఛైర్మన్ పేరు చెక్కిన రాయి మనిషెత్తు ఉంటుంది. ఇంజనొక్కటే లేదు. మనుషులూ లేరు. "అవి వచ్చే ఏడాది ప్రణాళికలో," అంటాడు ఛైర్మన్, ఇంకో కప్పు టీ గురించి చెప్పినంత తేలిగ్గా.

రెండు నెలల కిందట ఫోనక్క పక్కింట్లో మంటలు లేచి కుట్టుమిషను పిన్ని చనిపోయింది. "ఫోను చేశానక్కా... మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు," అని పిన్ని కూతురు ఇప్పటికీ ఏడుస్తుంది. విచారణలో ఛైర్మన్ నవ్వాడు. "ఆడపిల్ల కదా, కంగారులో ఏదో నంబరు నొక్కి ఉంటుంది." కాగితం మీదా అదే రాశారు. తల్లిని కాపాడుకోలేని పిల్ల అన్న పేరు ఆమెకు మిగిలింది.

ఇదంతా ఫోనక్క నాకు చెప్పిందే. ఆ రాత్రి సంగతి కూడా.

ఆ రోజు కౌన్సిల్ మీటింగు ఎంతకీ తెమల్లేదు. చివరి బస్సు పోయింది. ఆ దారినే నడవాలి.

స్టేషన్ దాటుతుండగా — ఫోను.

కాళ్లు ఆగిపోయాయి. ఎక్కడా దీపం లేదు. తలుపుకు తాళం... తాళానికి తుప్పు. లోపల మాత్రం...

రెండోసారి.

పరుగెత్తాలనుకుంది. చెయ్యి ఒప్పుకోలేదు. ఇరవయ్యేళ్ల అలవాటు! అద్దం లేని కిటికీ ఊచల మధ్య నుంచి భుజం దాకా దూర్చి తడిమింది. దుమ్ము... బల్ల... చల్లగా రిసీవరు.

ఎత్తింది.

అవతల ఊపిరి. తర్వాత గుసగుస —

"ఎత్తారా...? నిజంగా ఎత్తారా?"

"ఎవరు... నువ్వు?"

"ఫైర్ స్టేషనేనా అమ్మా? పొగ... తలుపు తెరుచుకోవడం లేదు... పాప నా ఒళ్లోనే ఉంది..."

దగ్గు. దెయ్యాలు దగ్గుతాయని ఎవరూ చెప్పగా ఆమె వినలేదు.

"ఫైర్ స్టేషనే," అంది ఫోనక్క. "అడ్రసు చెప్పు తల్లీ. ఇద్దరూ ముక్కుకు తడిగుడ్డ పెట్టుకుని నేల మీద పడుకోండి."

పక్క ఊరి స్టేషన్ ఆఫీసు నంబరు ఆమెకు కంఠతా వచ్చు; అదే ఫోను నుంచి వాళ్లను లేపింది. ఇంజను వచ్చింది. తల్లీ బిడ్డా బతికారు.

అప్పుడు పట్టుకుంది ఆమెకు వణుకు. దెయ్యం భయం కాదు — పిన్ని కూతురు నొక్కింది సరైన నంబరే!

మర్నాడు ఫైలు తీసింది. స్టేషన్‌లో ఫోను పనిచేస్తున్నట్టు చూపిస్తేనే మిగతా నిధులు వస్తాయని పైవాళ్ల షరతు. అందుకని, అంతదాకా పక్క ఊరి స్టేషన్‌లో మోగే అత్యవసర నంబరును ఈ ఖాళీ గదికి మార్చారు. మోగితే చాలు, ఎత్తాలని షరతులో లేదు మరి! మార్చిన తేదీ, పిన్ని పోవడానికి ఐదు రోజుల ముందు. కింద ఛైర్మన్ సంతకం.

ఆ కాగితం ఆయన ముందు పెట్టింది.

"రాత్రిపూట ఆడదానివి, నీకక్కడ ఏం పనమ్మా?" అన్నాడు.

"మీరు చెయ్యని పనే సార్."

వారం తిరక్కుండా ఫోనక్క ఉద్యోగం పోయింది. కాగితం నకలు పిన్ని కూతురి చేతికిచ్చి, ఆ పిల్ల ఛైర్మన్ మీద వేసిన కేసులో కోర్టుకెళ్లి సాక్ష్యం చెప్పింది.