దిబ్బలో దొరికిన యోధుడు

జనవరి సాయంత్రం. యమున మీంచి లేచిన పొగమంచు చెరుకుతోటల్ని మింగుతూ వస్తోంది. గాలిలో ఉడికే బెల్లం వాసన. ఊరవతల దిబ్బ మీద తవ్విన గుంటలో పురావస్తు పరిశోధకుడు సత్యవ్రత్ త్యాగి మోకాళ్ళ మీద కూర్చుని ఎముకలకంటిన మట్టిని కుంచెతో దులుపుతున్నాడు. రేపు పత్రికలవాళ్ళు వస్తారు. మహాభారత యుద్ధానికి సాక్ష్యం దొరికిందని చెప్పాలి. పక్కటెముకల మధ్య ఇనుప బాణపు ములికి ఉంది. నిన్న తన పెట్టెలోంచి తీసి అతనే పెట్టాడు.

"ఆ బిడ్డనేం చేశారు సాబ్?" గట్టు మీంచి అడిగాడు జగ్మాల్. ముప్పై ఏళ్ళుగా తవ్వకాల్లో బతికిన ముసలాడు.

"ఏ బిడ్డ? ఈయన యోధుడు."

"చంకన పిల్లనేసుకుని యుద్ధానికి పోయాడా మీ యోధుడు?" జగ్మాల్ దుప్పటి చెవులదాకా లాక్కున్నాడు. "తల్లి చేతుల్లోది లాక్కుంటే ఊరుకోదు. నే పోతున్నా."

త్యాగి కుంచె జేబులో పెట్టుకున్నాడు. ఆ చిట్టి ఎముకల్ని నిన్ననే గోనెలో వేసి మట్టికుప్పలో పూడ్చేశాడు. బిడ్డను చుట్టుకున్న చేతుల్ని విడదీసి పక్కలకు సర్దాడు.

గుంట మీద టార్పాలిన్ కప్పి పైకెక్కేసరికి కుప్పవైపు చప్పుడు... బర... బర... గోళ్ళతో గీకుతున్నట్టు.

నక్కేమో అనుకుని నాలుగడుగులు వేశాడు. మంచులో ఎవరో ఆడమనిషి. వీపు ఇటు తిప్పి, వంగి తవ్వుతోంది. పచ్చిమట్టి వాసన.

"ఎవరది?"

గీకుడు ఆగింది.

"నాది దొరకలేదు..." గుసగుస అతని చెవి పక్కనే వినిపించింది. "నీది చాలు."

చూస్తే ఎవరూ లేరు. ఫోన్ మోగింది. ఊళ్ళో అద్దె ఇంట్లో ఉన్న భార్య విమలేశ్.

"పాపకి టోపీ అయినా పెట్టనివ్వకుండా ఎత్తుకుపోయారేంటండీ, ఈ చలిలో?"

"ఎవరు?"

"ఎవరేంటి, మీరే. గుమ్మంలో నిలబడి చేతులు చాచారు. మాటా లేదు, పలుకూ లేదు." ఆమె గొంతు సన్నబడింది. "గుడ్డన్ మీ దగ్గర లేదా?"

మూడేళ్ళ కూతురు. త్యాగి కుప్ప మీద పడి రెండు చేతులా తవ్వాడు. గోళ్ళు చిట్లాయి. గోనె దొరికింది. మూతికి వేసిన ముడి వేసినట్టే ఉంది. లోపల ఏమీ లేదు.

గుంటలోకి దూకి టార్పాలిన్ లాగేశాడు.

ఎముకలు ఉన్నచోటే ఉన్నాయి. చేతులు మాత్రం రొమ్ము మీదికి వచ్చి, ఒకదానిలో ఒకటి బిగుసుకున్నాయి. వాటిని విడదీయబోయాడు... కదల్లేదు. వేళ్ళు దూర్చి తడిమాడు. మట్టే.

ఆ మట్టి వెచ్చగా ఉంది, నిద్రపోతున్న పసిపిల్ల ఒంటిలా.