పేరుతోనే తెరుస్తా

"ఏమప్పా ఉమా, నాతో ఆటలాడతాండావా?"

ఆదోని నెట్ సెంటర్ నుంచి హేమావతి ఫోన్. ఎమ్మిగనూరులో తన కంప్యూటర్ ముందు ఉమామహేశ్వర రిసీవర్ పట్టుకుని నిలబడ్డాడు. వెనక తండ్రి గురప్ప మగ్గం నేస్తున్నాడు. పక్కన ఉమ మగ్గం ఖాళీగా ఉంది. దాని మీద సగం చీర.

"పేజీ చూడమని సోమవారం మెసేజ్ పెట్టినావు. మూడు దినాలాయ. ఏమీ రాదు."

"మా ఇంట్లో తెరుచుకుంటాంది."

"అయితే నేను అబద్ధమాడతాండానా?"

ఉమ, హేమావతి ఇద్దరూ కర్నూలులో కంప్యూటర్ కోర్సు చేశారు. అప్పటి నుంచీ ఆమె అంటే ఇష్టం. నోటితో చెప్పే మనిషి కాడు. చీరల డిజైన్లు పెట్టడానికి ఇంటి కంప్యూటర్‌నే, బయటివాళ్లు నెట్‌లో చూసేలా, వెబ్ సర్వర్ చేశాడు. చెప్పవలసింది అందులో ఒక పేజీలో రాసి, దాన్ని తెరిచే వెబ్ పేరు ఆమెకు పంపాడు. జవాబు రాలేదు. వద్దనుకుందని అనుకున్నాడు. మూడు రోజులుగా మగ్గం మీద కూర్చోలేదు.

"ఆదివారం నన్ను చూసేదానికి ధర్మవరం నుంచి వస్తాండారు. ఏం రాసినావో నోటితో చెప్పు."

"చెప్పలేను."

"నీతో శానా కష్టమప్పా." ఆమె గొంతు తగ్గింది. "సరే, పేరుకు పింగ్ కొడతా, అది ఏ నంబరుకు పోతాందో తెలుస్తాది. ఆ నంబరు రాసుకో."

రాసుకున్నాడు. ఇంటి మోడెం చూపే నంబరు వేరుగా ఉంది. అదే ఆమెకు చెప్పాడు.

"మీకు కరెంటు పోయిందా?"

"సోమవారం, నీకు మెసేజ్ పెట్టినాంక పగలంతా."

"మోడెం ఆగి లేచింది. నంబరు మారింది. నీ పేరు ఇంకా పాత నంబరే చెప్తాంది."

"మరి ఈడ ఎట్ల తెరుచుకుంటాంది?"

"నీ కంప్యూటర్‌లో హోస్ట్స్ ఫైలు చూడు. పేరుకు నంబరు మొదట ఆడనే వెతుకుతాది."

తెరిచాడు. అందులో పేరు, పక్కన తన కంప్యూటర్ నంబరు. మొదటి రోజు పరీక్షకని తానే రాసి మరిచిపోయాడు. అందుకే అతడి కంప్యూటర్ ఆ పేరుకు నంబరు బయట ఎవరినీ అడగలేదు.

"నేనే రాసుకున్యా," అన్నాడు.

"నీ ఇంటికి దారి నీకే చెప్పుకున్యావు. నాకు చెప్పలేదు."

ఉమకు నవ్వు రాలేదు. ఆ లైను తీసేశాడు. "కొత్త నంబరుతో చూడు."

"చూడను. పేరు పంపినావు, పేరుతోనే తెరుస్తా. పేరు రిజిస్టర్ చేసిన చోట నంబరు మార్చు."

మార్చాడు. ఇద్దరూ ఫోన్ పెట్టలేదు. అటు హేమ ఆ పేరు మళ్లీ మళ్లీ కొట్టి చూస్తోంది. మగ్గం చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"వచ్చింది," అంది హేమ.

సగం నేసిన చీర ఫొటో. కింద రెండు లైన్లు. ఆమె మెల్లగా చదివింది.

"ఈ చీర అమ్మేది కాదు. నీవు ఒప్పుకుంటే మీ ఇంటికి తెచ్చిస్తా."

పేజీ మళ్లీ పోయిందేమోనని ఉమ భయపడి తన తెర మీద పేరు కొట్టాడు. పేజీ రాలేదు.

"హేమా, ఇప్పుడు ఈడ తెరుచుకోలే!"

"కొన్ని మోడెంలు అంతే. ఇంట్లోవాళ్లు బయటి పేరుతో వస్తే రానియ్యవు. నీకెందుకు? రాసింది నాకు కదా."

"మరి జవాబు?"

"ఆదివారం లోపల చీర అయిపోతాదా?"

"ఆదివారం లోపలా..." ఉమ తన మగ్గం వైపు చూశాడు. సగం చీర. ఇక రెండే రోజులు.

గురప్ప మగ్గం ఆగింది. ఆయన తలెత్తలేదు.

"శనివారానికే అయితాదని చెప్పు. నీవు అలిసినప్పుడు నేను కూచుంటా."