స్క్రూ గారి స్లో యాక్షన్

"మీకు ఏ యాక్షన్ కావాలండీ?" అని ఆమె అడగ్గానే నేను రెండు చేతులూ అడ్డంగా ఊపేశాను.

"యాక్షనా? అబ్బే, నేను యాక్షన్ చేయట్లేదండీ. నిజంగానే చేపలు పడతాను!"

ఆ మాటే అసలైన యాక్షన్. నాకు పట్టడం తెలిసినవి రెండే: కళ్లజోడు, స్క్రూడ్రైవరు. వాళ్ల గాలాల షాపుకి ఎదురుగా ఉన్న కళ్లద్దాల షాపులో రిపేర్లు చేస్తాను. ఆమె ప్రతి శనివారం కళ్లజోడు తెచ్చి, "మళ్లీ స్క్రూ లూజయింది" అంటుంది. నేను తలవంచుకుని బిగిస్తాను. "థాంక్స్ స్క్రూ గారూ" అని వెళ్లిపోతుంది. మూడు నెలలుగా స్క్రూ తిరుగుతోంది గానీ కథ మాత్రం ముందుకు కదలడం లేదు.

సోమవారం నుంచి నన్ను ఊరికి అవతలి చివరున్న బ్రాంచికి మారుస్తున్నారని పొద్దున్నే తెలిసింది. ఇవాళ శనివారం. అందుకే వానలో తడుస్తూ రోడ్డు దాటి, చేపలు పట్టే రాడ్ కొనే వంకతో వచ్చాను.

"నేనడిగింది రాడ్ సంగతి," అంటూ ఆమె నవ్వాపుకుని గోడకున్న రాడ్ ఒకటి తీసింది. "వంచితే ఎక్కడ వంగుతుందో అది యాక్షన్. కొన దగ్గరే వంగితే ఫాస్ట్. నడుము దాకా వంగితే మీడియం. పిడి దాకా వంగిపోతే స్లో."

"మరి పవరు?" అన్నాను, కళ్లద్దాల అలవాటుకొద్దీ.

"వంచడానికి ఎంత బలం కావాలో అది పవరు. చిన్న చేపకి లైట్, పెద్ద చేపకి హెవీ. అందరూ ఈ రెండూ ఒకటే అనుకుని పప్పులో కాలేస్తారు."

"నాకు అన్నీ తెలుసులెండి," అని బడాయి పోతూ, కౌంటర్ మీదున్న ఇంకో రాడ్ అందుకున్నాను. కొన పట్టుకుని బలంగా వంచాను.

టప్!

"అయ్యో! కొన పట్టుకుని వంచుతారా ఎవరైనా? అది అమ్మేది కాదు, నాన్నది!"

విరిగిన రెండు ముక్కల్నీ ఒకదానికొకటి ఆనించి, అతుక్కుంటాయేమోనని చూశాను. వెనక గదిలోంచి వాళ్ల నాన్న వచ్చారు. విరిగిన జానెడు ముక్కనీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"ఈయనేనా అమ్మా, మన స్క్రూ గారు?"

"నాన్నా!" అంటూ ఆమె గబగబా కళ్లజోడు సర్దుకుంది.

నాకేం అర్థం కాలేదు. అర్థమై ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

"సారీ అంకుల్, నేనే బాగు చేసిస్తాను."

"చెయ్యి బాబూ. రేపు పొద్దున చెరువు దగ్గరికి తీసుకురా. దాంతో నువ్వే చేప పట్టాలి."

ఆ సాయంత్రం విరిగిన చోట నున్నగా అరగదీసి, దారం దూరే కొత్త రింగు అతికించాను. ఇలాంటి చిన్న పనులు నాకు మంచినీళ్లప్రాయం. ఆమె ముందు నోరు విప్పడమే పెద్ద పని.

ఆదివారం చెరువు గట్టున తుంపర పడుతోంది. గంటలో వాళ్ల నాన్న రెండు చేపలు పట్టారు, ఆమె ఒకటి. నా గాలానికి మాత్రం ప్రతిసారీ ఎర మాయం.

"చేపలకి నామీద పగ ఉన్నట్టుందండీ."

"పగా లేదు, పాడూ లేదు. మెత్తటి కొన విరిగిపోయింది కదా, మిగిలింది గట్టిది. చేప మెల్లిగా తాకితే మీ చేతికి తెలీదు." ఆమె నీళ్లవైపు చూస్తూ ఆగింది. "అవతల తాకుతూనే ఉన్నారు. మీకే తెలియట్లేదు. మూడు నెలల్నుంచీ."

"ఒకే చేప మూడు నెలల్నుంచా?"

ఆయనకి టీ పొలమారింది. "బాబూ, మా ఇంట్లో ఓ బుల్లి స్క్రూడ్రైవరుంది. ప్రతి శనివారం పొద్దున అమ్మాయి దాంతో కుస్తీ పడుతుంటుంది. బిగించడానికి మాత్రం కాదు." ఇంకోచోట గాలం వేస్తానంటూ ఆయన లేచి వెళ్లిపోయారు.

నేను నోరు వెళ్లబెట్టాను. "అంటే... మీరే వదులు చేసి..."

"స్క్రూ లూజు కళ్లజోడుకా, నాకా, మీకా అని నాకే డౌటొచ్చింది!"

ఇక దాచడానికేమీ మిగల్లేదు. "నాకు చేపలు పట్టడం రాదండీ. యాక్షన్ చేశాను. రేపట్నుంచి ఊరికి అవతలి చివరున్న బ్రాంచికి వెళ్లాలి. ఇక శనివారాలు మీరు రారంటే తట్టుకోవడం నా వల్ల కాదు. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె తన గాలం చుట్టి గట్టు మీద పెట్టింది.

"అక్కడికి బస్సుందా?"

"ఉంది. నలభై నిమిషాలు."

"పర్లేదు, కిటికీ సీటు దొరికితే చాలు."

దూరం నుంచి వాళ్ల నాన్న కేకేశారు. "ఏమ్మా, ఏమైనా పడిందా?"

"పడ్డాడు నాన్నా! పిడి దాకా వంగాడు. స్లో యాక్షన్!"

"హమ్మయ్య! ఇక ఆ స్క్రూని వదిలెయ్ తల్లీ, మర అరిగిపోతుంది!"

తర్వాతి శనివారం కొత్త బ్రాంచి తలుపు తెరుచుకుంది. ఆమె వచ్చి కళ్లజోడు తీసి నా ముందు పెట్టింది. అలవాటుగా స్క్రూడ్రైవర్ ఆనించి తిప్పాను. తిరగలేదు.

"బిగుతుగానే ఉందండీ."

"తెలుసు," అంది ఆమె.