ఏ రోజు నిజం

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో నల్లా నీళ్ళు తెల్లవారకముందే వచ్చిపోతాయి. ఆ రోజు అహల్య తానే బిందె నింపి వంటింట్లోకి మోసుకొచ్చింది. చాలా రోజుల తరవాత వేళ్ళు చెప్పిన మాట విన్నాయి. సంతోషించాల్సింది పోయి ఆమె భయపడింది. మెడికల్ బోర్డు ముందు హాజరు కావలసింది ఇవాళే.

అహల్య సర్కారు ఆడపిల్లల బడిలో పంతులమ్మ. కొన్నేళ్ళుగా కీళ్ళవాతం. ఒకరోజు మామూలు మనిషిలా తిరుగుతుంది, మరునాడు మంచం మీద లేచి కూర్చోవడానికే సాయం కావాలి. సెలవులన్నీ అయిపోయాయి. ఇక పని చేయలేదని బోర్డు రాసిస్తే పెన్షన్ వస్తుంది, లేకపోతే ఉద్యోగం, పెన్షన్ రెండూ పోతాయి. కిందటేడు కూడా ఇలాగే బాగున్న రోజే పిలుపొచ్చింది. పిడికిలి మూసి తెరవమన్నారు, తెరిచింది. బడికి పొమ్మని పంపేశారు.

అందుకే ఈసారి ఆమె భర్త ప్రహ్లాద్ ఒక ఉపాయం ఆలోచించాడు. చెయ్యి ఎన్నడూ లేవదని చెప్పమన్నాడు. కుంటుతూ నడవమన్నాడు. ఒకరోజు లేస్తుంది, ఒకరోజు లేవదు అనే సగం సగం మాటలు బోర్డు డాక్టర్లకు అర్థం కావని వాదించాడు.

"బాగున్ననాడు ఆబిడ్స్‌ల సంచి పట్టుకొని నడుస్త. ఎవరన్న చూస్తరు" అంది అహల్య. "లేనిది చెప్తే, ఉన్నది గూడ అబద్ధమైతది."

పూజ ముగించుకుని వచ్చిన అత్తగారు నాగరత్నం నీళ్ళ బిందె వైపు చూసింది.

"మొన్న చారుగిన్నె దించలేదు. ఇయ్యాల బిందె మోసింది. ఏ రోజు నిజమో నాకైతే సమజ్ కాలే."

ఇన్నాళ్ళూ ఇలాంటి మాటలు అహల్య మింగేసింది. ఇవాళ మింగలేదు.

"రెండూ నిజమే అత్తమ్మా. మీరు బాగున్న రోజునే లెక్క చేస్తున్నరు, బోర్డోళ్ళు గూడ గంతే. మీరు నాతోని రాండ్రి. చూసింది చూసినట్టు చెప్పుండ్రి. నటన అనిపిస్తే గదే చెప్పుండ్రి."

ప్రహ్లాద్ వద్దన్నాడు. నాగరత్నం లోపలికి వెళ్ళి చీర మార్చుకొచ్చింది.

దవాఖానలో మళ్ళీ అదే పిడికిలి. అహల్య మూసింది, తెరిచింది. పెద్ద డాక్టరు కలం తీసి కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు.

"జర ఆగుండ్రి సార్. ఇయ్యాల బాగుంది, దాయను. బాగున్న రోజుకు మర్నాడు ఏమైతదో గూడ వినుండ్రి" అంది అహల్య.

 బడిలో ఒక పూట నల్లబల్ల మీద రాస్తే మర్నాడు జడ వేసుకోలేనని, రవిక గుండీ పెట్టుకోలేనని చెప్పింది. నెలలో సగానికి పైగా అలాంటి రోజులేనని, అవి ఎప్పుడొస్తాయో ముందు తెలియదని, పిల్లల ముందు సుద్దముక్క జారిపడితే వంగి తీసుకోలేక నిలబడ్డానని చెప్పింది. కొన్ని వారాలు ఏ నొప్పీ లేకుండా గడిచాయని కూడా చెప్పింది.

డాక్టరు పెద్దావిడ వైపు తిరిగి, ఇంట్లో మీరు చూసిందేమిటని అడిగాడు.

నాగరత్నం కోడలి జడ వైపు చూసింది. "జడ నేనే ఏస్త సార్. నటన అనే అనుకున్న. కాని పొద్దుగాల లేపనీకి పోతే, నిద్రల గూడ మూలుగుతుంటది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిద్రల ఎవరు నటిస్తరు సార్? గది తెలిసి గూడ నేను మాటలన్న."

డాక్టరు రాసింది కొట్టేశాడు. నొప్పి ఎక్కువున్న రోజు కబురు లేకుండానే రమ్మన్నాడు, ఆ రోజూ చూసే రాస్తానన్నాడు. మరుసటి వారం నొప్పి ఎక్కువైన రోజున, దవాఖాన ముందు రిక్షాలోంచి అహల్యను పట్టి దించింది నాగరత్నమే. వానలు తగ్గాక పెన్షన్ ఆర్డరు వచ్చింది.

కానీ అహల్య ఏడ్చింది ఆర్డరు చూసి కాదు. ఆ మొదటి రోజు దవాఖాన వరండాలో, అత్తగారు ఆమె వేళ్ళను తన ఒళ్ళోకి తీసుకుని అన్న మాటకు:

"రేపటి సంది పొద్దుగాల నిన్నే అడుగుత బిడ్డా, ఇయ్యాల ఎట్లున్నవని. నువ్వు ఏది చెప్తే గదే నిజం."